పురిటింటి గడపలో కండ్లద్దాలు

"ఒంటికన్నామె పోయిందట వదినా," అన్నాడు మా మరిది పాలబిందె దించుతూ. పక్కింటి బర్రె ఈనిందని చెప్పినంత మామూలుగా చెప్పాడు.

నాకు ఒళ్లు మండింది. "ఆమెకు పేరు లేదా?" అని అడిగాను.

"ఉంటే ఉండొచ్చు. అందరు గట్లనే అంటరు గదా."

అనడం నిజమే. బహదూర్‌పురాలో మా సందు మొదలుకొని నయాపూల్ దాకా ఎవరినడిగినా ఆమెను ఆ గుర్తుతోనే చెబుతారు. ఆ గుర్తు ఆమె పుట్టుకతో తెచ్చుకున్నది కాదు. మా ఇంట్లో, మా పురిటి గదిలో, నా కళ్లెదురుగా వచ్చింది. మా మరిదికీ ఆ సంగతి తెలుసు, తెలిసే మరిచిపోయాడు. అందుకే ఇది రాస్తున్నాను. పేరు మాత్రం నేనూ రాయను. బతికుండగా ఎవరూ పలకని పేరును పోయాక ఊరేగించడం నాకు నచ్చదు.

మేము ఆమెను నర్సమ్మ అనేవాళ్లం. మూసీ అవతల ఆడవాళ్ల దవాఖానలో పని. కిరస్తానీ మనిషి, పెళ్లి చేసుకోలేదు, మా ఇంటి వెనక సందులో ఒక్క గదిలో ఉండేది. మాది పాలవాళ్ల ఇల్లు. పొద్దున్నే చెంబు పట్టుకుని మా కొట్టం దగ్గరికి వచ్చేది. పాలు పోసేలోగా వాకిట్లో ఉన్న పిల్లలందరి కళ్లూ చూసేసేది. ఒక చేత్తో గడ్డం పట్టుకుని, బొటనవేలితో కింది రెప్ప లాగి, "ఊఁ, పో" అనేది. ఇంకో పిల్ల, ఇంకో "ఊఁ, పో". తర్వాత నీళ్ల తొట్టి దగ్గరికి వెళ్లి చేతులు కడిగి, మళ్లీ ఇంకో పిల్లను పట్టుకునేది. మా అత్తకు ఆ నీళ్ల ఖర్చు చూస్తే ప్రాణం ఉసూరుమనేది.

నర్సమ్మ తన మొహాన్ని తాను ముట్టుకోవడం నేనెన్నడూ చూడలేదు. చెమట కారి కనుబొమల మీద నిలిస్తే భుజం పైకెత్తి జాకెట్టు చేతికి తుడుచుకునేది. ముక్కు దురద పెడితే మా గోడ మూలకు రాసుకునేది, అచ్చం మా బర్రెలు గుంజకు రాసుకున్నట్టు. బస్తీ పిల్లలు అది చూసి తామూ గోడలకు ముక్కులు రాసుకుని పడిపడి నవ్వేవాళ్లు. ఆమెకు కోపం వచ్చేది కాదు. "మంచిగున్నది, గట్లనే చెయ్యుండ్రి. చేతులు మాత్రం కండ్లకు పెట్టకుండ్రి," అనేది.

ఆమెకు కోపం తెప్పించే మాట ఒకటి ఉండేది. మా దిక్కు కళ్లు ఎర్రబడితే కండ్లొచ్చినయ్ అంటారు. నీరు కారినా, పుసి కట్టినా, దుమ్ము పడినా, లోపల పుండు పడినా అదొక్కటే మాట. ఆ మాట చెవిన పడిందా, ఆమె చెంబు కింద పెట్టేసేది.

"కండ్లు పుట్టిననాడే వచ్చినయ్. ఇప్పుడేమొచ్చిందో చెప్పు. దురదా, గరగరా, పుసా, పోటా?"

మొదట్లో ఆడవాళ్లు అన్నీ ఉన్నాయనేవాళ్లు. అన్నీ ఉండవని ఆమె వాదించేది. మా తోటికోడలి కొడుకు ఎండాకాలం వస్తే చాలు, కళ్లు నలిపి నలిపి చింతనిప్పులు చేసుకునేవాడు. అంటుకుంటుందని మిగతా పిల్లలు వాణ్ణి దగ్గరికి రానిచ్చేవారు కాదు. నర్సమ్మ వాణ్ణి తెచ్చి అందరి మధ్యలో కూర్చోబెట్టింది. "దురద ఒక్కటే అయితే ఇది అంటేది కాదు. నలపనియ్యకుండ్రి, సల్లని నీళ్ల బట్ట ఏస్తుండుండ్రి. పెద్దగైతే అదే పోతది," అంది. పొద్దున లేచేసరికి రెప్పలు అతుక్కుపోయి పుసి కడితే మాత్రం ఆమె మాట వేరు. కాచి చల్లార్చిన నీళ్లు, దూది, తుడిచిన దూది పొయ్యిలో, ఆ పిల్ల తువ్వాల ఆ పిల్లకే. గరగర అంటే పై రెప్పను పుల్ల మీద తిరగేసి చూసేది. లోపల రవ్వ చల్లినట్టు గింజలు కనిపిస్తే ఆమె ముఖం దిగిపోయేది. అది ఏళ్ల తరబడి ఉండే జబ్బు. మైలుతుత్తం కడ్డీతో ఆ గింజల మీద రుద్దుతుంటే పిల్లలు పెట్టే కేకలకు మా బర్రెలు బెదిరి పాలు ఎగబట్టేవి.

కాటుక మానమని మొదట్లో అందరితో పోట్లాడి చూసింది. ఎవరు మానుతారు? చివరికి రాజీకి వచ్చింది. తల్లులు ఒకే వేలితో వరసగా పిల్లలందరికీ పెట్టేవాళ్లు కదా, ఒక్కో పిల్లకు ఒక్కో వేలు వాడమంది. ఇంటినిండా పిల్లలున్న మా పొరుగామె, "చేతివేళ్లు సాలకపోతే ఎట్ల నర్సమ్మా?" అని వేళాకోళం చేసింది. "కాళ్లకు లేవా? ఒంగి పెట్టు," అంది ఈమె. ఆ రోజు వాకిలంతా నవ్వులే.

పోటు అన్న మాటకు మాత్రం ఆమె నవ్వేది కాదు. ఒకసారి ఒక జట్కా సాయిబు కంటికి రుమాలు కట్టుకుని వచ్చి, "ఆంఖాఁ ఆయే అమ్మా, జర దవా దేవ్," అన్నాడు. ఆమె రుమాలు విప్పి వెలుతురు వైపు తిప్పగానే కెవ్వుమన్నాడు. పుసి లేదు, దురద లేదు. నల్లగుడ్డు చుట్టూ ఎర్రటి కడియం, లోపల తలపగిలే పోటు, చూపు మసక. "ఆంఖాఁ ఆయే నై మియా, జారైఁ! అబ్బీచ్ దవాఖానే జావ్!" అని అరిచింది. కళ్లు వచ్చాయనుకుంటున్నావు, పోతున్నాయి, లే అని. అతని జట్కాను అతనే తోలుకుంటూ అప్పటికప్పుడు పెద్ద దవాఖానకు పోయాడు. చూపు దక్కింది. తర్వాత ఆమె కనిపిస్తే చాలు, జట్కా ఆపి ఎక్కమనేవాడు. ఆమె ఎక్కేది కాదు, గుర్రం కళ్లు చూసి పంపేది.

ఆమె చూపులో ఏ లోపమూ లేదు. అయినా దూది పరిచిన రేకు డబ్బాలో ఒక కండ్లద్దాల జోడు ఉండేది. ఉత్త అద్దాలు, నంబరు లేదు. పుసి నిండిన కళ్లు తెరిచేటప్పుడు మాత్రమే తీసి పెట్టుకునేది. దొరసాని షోకులని మా అత్త మూతి తిప్పేది. అవెందుకో ఆమె ముందుగా ఎవరికీ విడమరచి చెప్పలేదు. చెప్పి ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

ప్రపంచ యుద్ధం మొదలవకముందు మాట. నా కడుపులో మొదటి బిడ్డ. కాన్పు దగ్గర పడుతుండగా నర్సమ్మ మా అత్తతో, "అక్కా, బిడ్డ పుట్టంగనే నాకు కబురు చెయ్యి. కండ్లల్ల ఒక్కొక్క చుక్క మందేసి పోత," అంది. మా అత్త నవ్వింది. "అప్పుడే పుట్టిన కండ్లకు మందేంది నర్సమ్మా? మేము ఏసినమా? మాకు కనవడ్తలేదా?" అంది. మంత్రసాని కూడా నవ్వింది. కబురు పంపలేదు.

ఆడపిల్ల పుట్టింది. మా అత్త ఆడపిల్లా అని ముఖం ముడుచుకోలేదు, నిజం చెప్పాలి. ఆమెకు ఇద్దరు ఆడపిల్లలు పుట్టి పోయారు. ఈ పిల్ల వాళ్లలో ఒకతే మళ్లీ వచ్చిందని ఆమె నమ్మకం. నా దగ్గర పాలు తాగే వేళ తప్ప బిడ్డ ఆమె ఒళ్లోనే ఉండేది. రెండు పూటలు గడిచాయో లేదో బిడ్డ రెప్పలు ఉబ్బడం మొదలైంది. "కండ్లొచ్చినయ్. కండ్లల్ల నీ పాలు పిండు, తగ్గుతది," అంది మా అత్త. నేను పిండాను. తెల్లవారేసరికి రెప్పలు రెండూ రేగుపళ్లలా ఉబ్బి మూసుకుపోయాయి. సందుల్లోంచి పచ్చటి చీము.

ఆ పొద్దున నర్సమ్మ పాలకు వచ్చి బిడ్డ ఎట్లా ఉందని అడిగింది. "మంచిగున్నది. జెర కండ్లొచ్చినయ్," అంది మా అత్త. పురిటి గదిలోంచి నాకు వినిపిస్తోంది. చెంబు నేల మీద ఠంగుమంది.

"ఇప్పుడే దవాఖానకు తీస్కపోదాం అక్కా. ఇది ఆగేది కాదు. నల్లగుడ్డు కరిగిపోతది."

"పురుడు చేసిందాంక బాలింత గడప దాటొద్దు. బిడ్డను అసలే దాటియ్యద్దు. నీకు తెల్వదా?"

"దాటకపోతే నేనే లోపలికి వస్త."

ఎట్లాగూ మైల గది కాబట్టి ఎవరు లోపలికి వస్తానన్నా మా అత్తకు అభ్యంతరం లేదు. నర్సమ్మ పరుగున పోయి సంచి తెచ్చుకుంది. చేతులు మోచేతుల దాకా కడుక్కుంది. గడప దగ్గర నిలబడి రేకు డబ్బా తెరిచి కండ్లద్దాలు పెట్టుకుంది. అంతే, మా అత్త రెండు చేతులూ బార్లా చాపి గుమ్మానికి అడ్డం నిలబడింది.

"అద్దాలు తీసి రా."

"ఏంది?"

"పురిటింట్ల అద్దం పనికిరాదు. పండ్లు రాకముందు బిడ్డ అద్దంల మొఖం చూస్తే దక్కదు."

"గది మొఖం చూసుకునే అద్దం అక్కా. ఇది కండ్లకు పెట్టుకునేది."

"అద్దం అద్దమే. ఇగో, నా మొఖం కనవడ్తనే ఉన్నది అండ్ల."

కనపడుతున్న మాట అబద్ధం కాదు. వాకిటి వెలుతురులో మా అత్త ముఖం ఆ రెండు అద్దాల్లోనూ చిన్నగా కనపడుతూనే ఉంది. నర్సమ్మ బతిమాలింది, కసిరింది, మళ్లీ బతిమాలింది. చీము చిమ్ముతుందని కూడా చెప్పింది. మా అత్త వినిపించుకోలేదు. "నా పెద్దబిడ్డకు ఎవరో అద్దం సూపిచ్చిండ్రు నర్సమ్మా. నెల తిరగకముందే పోయింది. నన్ను మళ్ల సంపకు," అంటూ ఏడ్చింది. ఆమె ఏడవడం నేను వినడం అదే మొదలు. ఆమెను ఎంత తిట్టుకున్నా ఆ ఏడుపు మాత్రం దొంగ ఏడుపు అనలేను.

లోపల బిడ్డ ఏడుస్తోంది. నర్సమ్మ ఒకసారి బిడ్డ వైపు చూసింది. కండ్లద్దాలు తీసి డబ్బాలో పెట్టింది, డబ్బా బయట గూట్లో పెట్టింది, లోపలికి వచ్చింది.

గది పగలే చీకటిగా ఉంటుంది. నన్ను దీపం పట్టుకోమంది. బిడ్డ తలను మోకాళ్ల మధ్య ఇరికించుకుని, తన ముఖం వీలైనంత పక్కకు తిప్పుకుని, తడి దూదితో రెప్పల అంచులు మెల్లగా నానబెట్టింది. అంత పక్కకు తిప్పుకుంటే కనిపించదు. చూడాలంటే వంగాలి. వంగి రెప్ప విడదీసింది. లోపల గట్టిగా పట్టి ఉన్న చీము ఒక్కసారిగా చిమ్మింది.

"కంట్ల పడ్డదా?" అన్నాను.

"పడ్డది. దీపం కదలనియ్యకు."

ఆమె చెయ్యి ముఖం దగ్గరికి పోలేదు. ఆ కన్ను మూసుకుని, రెండో కంటితో చూస్తూ బిడ్డ కన్ను కడిగింది. రెండో రెప్ప విడదీసి అదీ కడిగింది. దీపం వెలుగులో బిడ్డ నల్లగుడ్లు చూసి, "ఇంక పోలేదు," అంది. ముదురు గోధుమరంగు మందు రెండు కళ్లలో వేసింది. ఆ తర్వాతే చేతులు కడుక్కుని, చెంబుతో తన కంట్లో నీళ్లు కుమ్మరించుకుంది. అదే మందు తానూ వేసుకుంది.

మా అత్త బయటికి పోయాక నా పక్కన కూర్చుని, "ఇది దిష్టి కాదు బిడ్డా, గాలి కాదు. మీ ఆయన కాడికెల్లి నీకొచ్చింది. నీ కాడికెల్లి బిడ్డకు. కాన్పప్పుడే అంటుకుంటది. మీరిద్దరు మందు తినకపోతే మళ్ల పుట్టే బిడ్డకు గూడ గిదే," అంది. మా ఆయన బేగంబజార్‌లో గిన్నెల దుకాణంలో పనిచేసేవాడు. ఎప్పుడెప్పుడు ఎక్కడికి పోయేవాడో నాకు తెలియనిది కాదు. దానికి ఒక జబ్బు పేరు ఉంటుందని, అది నా బిడ్డ కళ్లలోకి దిగుతుందని మాత్రం తెలియదు. ఆ రోజు నాకు ఆయన మీద కలిగిన అసహ్యం ఈ రోజుకీ పూర్తిగా పోలేదు.

ఎట్లా కడగాలో నాకు నేర్పింది. గంటకోసారి, ముక్కు వైపు నుంచి బయటికి, ఒక తుడుపుకు ఒక దూది, చేతులు కడుక్కోకుండా దేన్నీ ముట్టుకోవద్దు. "నీ మొఖం అసలే ముట్టకు," అంది. మర్నాడు వచ్చింది, కన్ను ఎర్రగా ఉంది. ఆ మర్నాడూ వచ్చింది, రెప్ప ఉబ్బి ఉంది. బిడ్డ కళ్లు చూసి, మందు వేసి, నాతో రెండు మాటలు మాట్లాడి పోయింది. తర్వాత రాలేదు.

నేను కడుగుతూనే ఉన్నాను. మా ఆయన గుమ్మంలో నిలబడి, ఆ కిరస్తానిది ఇంట్లో లొల్లి పెట్టిందని కేకలేస్తుంటే కూడా కడుగుతూనే ఉన్నాను. ఆయన మందు తిన్నాడు లెండి, చాలా రోజుల తర్వాత, తన నొప్పి తనకు తెలిసినప్పుడు. పురుడు రోజుకు బిడ్డ కళ్లు తెరిచింది. రెండూ నల్లగా, నిగనిగలాడుతూ. మా అత్త సంతోషం పట్టలేకపోయింది. వచ్చిన ప్రతి ఆడమనిషికీ చెప్పింది.

"అద్దాలు తీయించిన. గందుకే దక్కింది నా మనవరాలు."

పురుడు అయ్యాక మా బాపును వెంటబెట్టుకుని నయాపూల్ దాటి దవాఖానకు పోయాను. నర్సమ్మ గోడ పక్క మంచం మీద ఉంది. ఒక కన్నుకు కట్టు. మంచి కంటికి జబ్బు పాకకుండా దాని మీద గడియారం అద్దం పెట్టి చుట్టూ పట్టీలు అంటించారు. ఆ అద్దంలోంచి నన్ను పోల్చుకుంది.

"బిడ్డ నల్లగుడ్డు తెల్లబడ్డదా?"

"లేదు నర్సమ్మా."

"దీపం దిక్కు తిరుగుతున్నదా?"

"తిరుగుతున్నది."

ముట్టుకోకుండానే తన కట్టు వైపు వేలు చూపింది. "నాది పోయింది," అంది. "పోటా, పోటా అని ఇన్నేండ్లు అందర్ని అడిగిన గని, పోటంటే గింతుంటదని నాకు తెల్వదు పిల్లా," అంది. నేను ఏడ్చాను. ఆమె నన్ను ఊరుకోమని అనలేదు. చేతులు కండ్లకు పెట్టకుండా ఏడవమంది.

ఇప్పుడు యుద్ధం అయ్యాక ఏదో సూదిమందు వచ్చిందట. ఈ జబ్బును పూటల్లో కట్టేస్తుందట. మొన్న ఎవరో చెబుతుంటే అక్కడ నిలబడలేక లోపలికి వచ్చేశాను.

దవాఖాన నుంచి వచ్చాక ఆమె బతుకు మారిపోయింది. కాన్పులకు పిలవడం మానేశారు. కొత్తగా పుట్టిన బిడ్డ మొదట చూసేది ఒంటికన్ను ముఖమా అని. పొద్దున్నే ఎదురొస్తే జనం ఆగి, వెనక్కి తిరిగి, కాసేపు ఇంట్లో కూర్చుని మళ్లీ బయల్దేరేవాళ్లు. ఒంటికన్నామె అన్న మాట మొదట మా అత్త నోట్లోంచే వచ్చింది. పొద్దున పాలకు రావద్దని, ఎండెక్కాక రమ్మని కబురు పెట్టింది. నేను అత్తతో పోట్లాడాను. మా ఆయనతోనూ. ఇంట్లో నా మాట ఎంత చెల్లుతుందో అంతే చెల్లింది. నర్సమ్మ ఎండెక్కాకే వచ్చేది. పిల్లల రెప్పలు లాగి చూడటం మాత్రం మానలేదు. తల్లులు పిల్లల్ని లోపలికి పిలుచుకునేవాళ్లు. దొరికిన పిల్లలను చూసేది.

నా కూతురికి మాటలు బాగా వచ్చి, వాకిట్లో ఆడుకునే వయసు వచ్చింది. ఒకరోజు నేను పిడకలు కొడుతున్నాను. నర్సమ్మ ఇంకా సందు మొదట్లోనే ఉంది. నా కూతురు ఆట ఆపి, చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, "నానమ్మా, ఒంటికన్నామె వస్తున్నది, తలుపెయ్యి!" అని అరిచింది. అరిచి, వాళ్ల నానమ్మ నేర్పినట్టే ముఖం పక్కకు తిప్పుకుని తూ తూ అని ఉమ్మింది.

పేడ చేత్తోనే పరిగెత్తి దాన్ని కొట్టబోయాను. అప్పటికి నర్సమ్మ దగ్గరికి వచ్చేసింది. నా మోచెయ్యి పట్టి ఆపింది. పిల్ల గడ్డం పట్టుకుని ఒక రెప్ప లాగి చూసింది, రెండో రెప్ప లాగి చూసింది. పిల్ల గింజుకుంటోంది.

"గంత దూరంకెల్లి నా కన్ను కనవట్టిందంటే, దీని చూపు మంచిగున్నది పిల్లా. ఇగ ఫికర్ లేదు," అంది.

తొట్టి దగ్గర చేతులు కడుక్కుని, పాలు పోయించుకుని పోయింది. లోపలినుంచి మా అత్త, ఆమె నిలబడ్డ చోట నీళ్లు చల్లమని కేకేసింది. నేను కదల్లేదు. నా కూతురే చెంబు అందుకుని చల్లింది, ఒక్క చుక్క పక్కకు పోకుండా, సరిగ్గా ఆమె అడుగులు పడిన చోటనే.